ఉతికినా పోని వాసన: జానిమాజ్‌లు, తివాచీల సంగతి



చదువులకు, వైద్యానికి, పెళ్లిళ్లకు మీరిచ్చిన సొమ్ము ఎలా ఖర్చయిందో ఏటా ఈ సంచికలో చూస్తూనే ఉంటారు. ఈసారి నన్ను ఒక చిన్న విషయం మీద రాయమన్నారు. చిన్నదే గానీ మీ సొమ్ము దానికీ బాగానే పోతోంది. మస్జిదులో పరిచిన తివాచీలు ఉతికిస్తాం, ఆరబెడతాం, మళ్లీ పరుస్తాం. వారం తిరగకముందే సజ్దాలోకి వెళ్లినవాళ్ల ముక్కుకు ముక్కిన వాసన కొడుతుంది. "ఉతికినా పోలేదు, కొత్తవి కొనేద్దాం" అంటారొకరు. ఇంకొకరు మంచి మనసుతో అక్కడికక్కడే డబ్బు తీసి ఇస్తారు. కొత్తవి వస్తాయి. మరుసటి వానాకాలానికి అవీ అంతే. ఇళ్లలోనూ ఇదే కథ.

భద్రాచలం వాళ్లకు ఈ వాసన గురించి వేరే చెప్పనక్కర్లేదు. 2022లో బక్రీదు జూలై 10న వచ్చింది. పండుగకని ఉతికి పరిచిన దుప్పట్లు, జంపఖానాలు ఇంకా మాయనైనా మాయలేదు, జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులు, 1990లో వచ్చిన 70.8 అడుగులు చూసిన పెద్దలు మనలో ఉన్నారు. నీళ్లు తీశాక ఏ వీధిలో చూసినా గోడల మీద, గేట్ల మీద పరుపులు, బొంతలు, తివాచీలే. బురద వదిలింది. వాసన వదల్లేదు.

ముందుగా ఒక దిగులు తీర్చాలి. వాసన వేరు, నజాసత్ వేరు. అపవిత్రతను బాగా కడిగేశాక తేలిగ్గా పోని రంగో వాసనో మిగిలితే దానికి మన్నింపు ఉందని ఉలమా చెబుతారు. అనుమానం ఉంటే మీ ఇమాం సాహెబ్‌ను అడగండి. నేను చెప్పబోయేది ముక్కు గురించి, ఊపిరితిత్తుల గురించి. తివాచీ మీద నడిచేవాడికి దానిలోని బూజు అంతగా తగలదు. రోజుకు ఐదు పూటలు నుదురూ ముక్కూ దానికి ఆనించేవాడికి తగులుతుంది. ఆయాసం ఉన్న పెద్దవాళ్లు మొదటి సఫ్‌లోనే కదా కూర్చునేది.

ఉతికాకే ఎందుకు వాసన?

ఉతకక ముందు లేని వాసన ఉతికాక ఎక్కడి నుంచి వచ్చిందని చాలామంది అడుగుతారు. వాసన ముందు నుంచీ అక్కడే ఉంది, నిద్రపోతోంది. ఎండిన మురికికి వాసన తక్కువ. నీళ్లు తగలగానే నారలో అతుక్కుని ఉన్న పదార్థాలు వదులై గాలిలోకి లేస్తాయి. కాబట్టి ఉతికిన మొదటి రోజు వచ్చే వాసన చూసి కంగారు పడకూడదు. ఉన్ని తడిస్తే గొర్రె వాసన వేస్తుంది, వానలో తడిసిన మంద పక్కన నిలబడితే వచ్చేది అదే. పూర్తిగా ఆరితే అది తనంతట తనే పోతుంది.

పూర్తిగా ఆరినా పోనిది, లేదా పోయినట్టే పోయి ముసురు పట్టిన రోజున మళ్లీ లేచేది, అసలు జబ్బు. అది ఏ వాసనో ముందు ముక్కుతో తేల్చుకోవాలి. ఎందుకంటే మందులు వేరు. ముక్కిన బియ్యంలాంటి వాసన అయితే లోపల తడి మిగిలి బూజు పట్టింది. తడి గోనెసంచి వాసన అయితే తివాచీ అడుగున జనపనార ఉంది. ఘాటుగా కళ్లలోకి వస్తే పసిపిల్లలదో పిల్లిదో మూత్రం. జిడ్డుగా, పుల్లగా ఉంటే సబ్బు సరిగ్గా జాడించలేదు. చెరువు మట్టి వాసన అయితే ఒండ్రు ఇంకా లోపలే ఉంది.

ఈ మట్టి వాసన గురించి ఒక ముచ్చట. మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే ఆ పదార్థాన్ని జియోస్మిన్ అంటారు. లీటరు నీటిలో గ్రాములో పదికోట్లో వంతు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. తొలకరి వాసనలో ఉండేదీ అదే. కనౌజ్‌లో తీసే మిట్టీ అత్తరు కోసం డబ్బిచ్చి మరీ కొంటాం, అదే వాసన తివాచీలో వస్తే భరించలేం. చెరువు చేపలో వచ్చే మట్టి వాసన కూడా ఇదే. దానికి మన ఆడవాళ్లు ఏం చేస్తారు? చింతపండు పులుసుతోనో నిమ్మరసంతోనో ఉప్పు వేసి రుద్ది కడుగుతారు. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థంగా మారుతుంది. వరద తివాచీని ఆఖరిసారి జాడించే నీళ్లలో వెనిగర్ కలపమని చెప్పేది కూడా అందుకే. అయితే ముందు ఒండ్రు మొత్తం పోవాలి. పొలుసు తీయకుండా చేపకు చింతపండు రాస్తే ఏం లాభం.

పైన పొడి, లోపల తడి

నేను చేసిన తప్పు చెబుతాను. చాలా ఏళ్ల క్రితం అమ్మీ దాచుకున్న ఉన్ని తివాచీని ఆగస్టులో మేడ మీద ఉతికాను. సాయంత్రానికి పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంది. చుట్టి మంచం కింద పెట్టేశాను. నాలుగో రోజు గదిలోకి వెళ్లలేకపోయాం. లోబాన్ పొగ వేశాను, అత్తరు చల్లాను. ఇంట్లో ఇప్పుడు రెండు వాసనలయ్యాయి. "దానికి అత్తరు కాదు బేటా, గాలి కావాలి" అంది అమ్మీ. అప్పటికి ఆలస్యమైంది. అడుగున నల్లటి చుక్కలు వచ్చేశాయి.

తివాచీలో నీళ్లు దాక్కునేది పైన కనిపించే కుచ్చులో కాదు, కింద నేతలో. కుచ్చు పల్చగా గాలికి ఎదురుగా ఉంటుంది, గంటల్లో ఆరుతుంది. ముడులను పట్టి ఉంచే నూలు పోగులు గట్టిగా, ఒత్తుగా ఉంటాయి. వాటికి రోజులు పడుతుంది. పైగా ఉన్ని మోసం చేస్తుంది. ముట్టుకుంటే పొడిగా అనిపిస్తూనే తన బరువులో మూడోవంతు దాకా తేమ పట్టుకోగలదు. బొత్తిగా తేమ లేని పది కిలోల ఉన్ని, మామూలు వాతావరణంలో కిలోన్నర నీటిని, ముసురు రోజున మూడు కిలోలకు పైగా నీటిని గాలి నుంచే తాగేస్తుంది. జూలైలో మన గోదావరి గట్టున ఉన్ని తివాచీని ఉతికి ఆరబెట్టాలనుకోవడం వానలో వడియాలు పెట్టడంలాంటిది.

తడిసిన బట్టలో బూజు లేవడానికి ఎక్కువ రోజులు పట్టవు. 24 నుంచి 48 గంటల్లో ఆరాలి, అంతకు మించితే బూజుకు అవకాశం ఇచ్చినట్టే. ఉతికే రోజున ఆలోచించాల్సింది సబ్బు గురించి కాదు, ఈ రెండు రోజుల గురించి. ఎండ ఉందా, గాలి ఉందా, ఆరేసే చోటు ఉందా చూసుకుని అప్పుడు బకెట్ ముట్టుకోండి.

రంజాను ముందు ఉతికించడం మనకు ఆనవాయితీ. కానీ రంజాను ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2014, 2015, 2016లలో ఆ నెల జూన్, జూలైలలో పడింది. అలాంటి ఏడాది చంద్రవంక కోసం ఆగకుండా మార్చి, ఏప్రిల్‌లోనే ఉతికి, ఆరబెట్టి, దులిపి ఉంచుకోవాలి. ఆనవాయితీ పండుగదే, ఎండ మాత్రం మన చేతిలో లేదు కదా.

ఆరబెట్టే పద్ధతి

ఉతకడం కన్నా పిండడం ముఖ్యం. పిండడమంటే మెలిపెట్టడం కాదు, నేత దెబ్బతింటుంది. వాలుగా ఉన్న గచ్చు మీద పరిచి, నేల తుడిచే రబ్బరు వైపర్‌తో కుచ్చు వాలే వైపుకే గట్టిగా నొక్కుతూ లాగాలి. నీళ్లు రావడం ఆగాక తిరగేసి వెనక వైపూ అలాగే. ఆ పైన పాత తువాళ్లు వేసి చుట్టి మీద నడవాలి. ఇలా వదిలించిన ప్రతి లీటరూ ఎండ చేయాల్సిన పనిని తగ్గిస్తుంది. జాడించేటప్పుడు నురగ బొత్తిగా రాకుండా అయ్యేదాకా నీళ్లు మార్చాలి. మిగిలిన సబ్బు తేమను పట్టి ఉంచుతుంది, దుమ్మును రమ్మంటుంది. సబ్బుపొడి ఎక్కువేస్తే ఎక్కువ శుభ్రమనుకోవడం పొరపాటు. ఉన్నికైతే కుంకుడు రసం, లేదా ఉన్ని బట్టల కోసం అమ్మే ద్రావణం చాలు.

ఆరేసేది నేల మీద కాదు, సన్నటి తాడు మీదా కాదు. నేల మీద ఒక వైపే గాలి, తాడు మీద బరువుకు సాగిపోతుంది. మన అడవి ప్రాంతంలో వెదురుకు కొదవ లేదు. ఇటుకలో, రాళ్లో పేర్చి వాటి మీద లావుపాటి వెదురు బొంగులు అడ్డంగా వేస్తే పై గాలి, కింద గాలి రెండూ తగులుతాయి. ఇంట్లో అయితే రెండు నులక మంచాలు పక్కపక్కన వేయండి, అంతకన్నా మంచి ఆరబెట్టే సాధనం నేను చూడలేదు. వెనక వైపు ఎండకు పెట్టాలి. తడి ఉండేది అక్కడే, పైగా రంగులూ వెలవవు. మూడు నాలుగు గంటలకోసారి తిరగేయాలి. రాత్రి లోపలికి తెచ్చినా చుట్టకండి, కుర్చీల మీద పరిచి ఫ్యాను పెట్టండి. వేడి కన్నా కదిలే గాలి ఎక్కువ పని చేస్తుంది. తలుపులన్నీ మూసి హీటరు పెడితే గది ఆవిరి గది అవుతుంది.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చేతిని నమ్మొద్దు, తక్కెడను నమ్మండి. ఉతకక ముందు తూచి చీటీ మీద రాసి పెట్టుకోవాలి. బియ్యం బస్తాలు తూచే వేలాడే కాటా చాలు. ఆరిందనుకున్నాక మళ్లీ తూచాలి. పాత బరువుకు రాకపోతే, లేదా పూటపూటకూ ఇంకా తగ్గుతూనే ఉంటే, అది ఆరలేదు. మురికి పోయింది కాబట్టి బరువు కాస్త తగ్గాలే తప్ప పెరగకూడదు. ఇంత తేలికైన పరీక్ష ఎందుకు ఎవరూ చేయరో నాకు అర్థం కాదు.

ఇప్పటికే వాసన పట్టినవాటికి

మళ్లీ ఉతకాలని తొందరపడొద్దు. ముందు రెండు రోజులు పైన చెప్పినట్టు పూర్తిగా ఆరబెట్టండి, వెనక నుంచి కర్రతో దులపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, బూజు లేస్తుంది. సగం తివాచీలు ఇంతటితోనే బాగవుతాయని నా అనుభవం. ఇంకా కొద్దిగా ఉంటే వంటసోడా పొడిగా చల్లి, ఒక రాత్రి ఉంచి, వాక్యూమ్‌తో లాగేయాలి. పుల్లటి వాసనలను అది విరుస్తుంది. బూజును మాత్రం చంపదు, తడి తివాచీ మీద చల్లితే ముద్దకట్టి కొత్త తంటా తెస్తుంది.

ఘాటు వాసనకు ఒక వంతు తెల్ల వెనిగర్, నాలుగు వంతుల నీళ్లు. ముందుగా మూలన ఒక చోట తడిపి పది నిమిషాలు తెల్ల గుడ్డ అదిమి చూడండి, గుడ్డకు రంగు అంటితే ఆపేయాలి. మూత్రం వాసనకు ఇది కొంత వరకే. మూత్రంలోని యూరిక్ ఆమ్లం ఎండి పలుకులు కడుతుంది. మామూలు నీళ్లకు అవి తేలిగ్గా కరగవు, తేమ తగిలినప్పుడల్లా వాసన మళ్లీ లేస్తుంది. ఉతికిన తివాచీ వానాకాలంలో మళ్లీ కంపు కొట్టడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. దీనికి పెంపుడు జంతువుల సామాన్ల కొట్లలో దొరికే ఎంజైమ్ ద్రావణాలు వాడాలి. పైపైన చల్లితే లాభం లేదు, మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకూ దిగాలి, డబ్బా మీద చెప్పినంత సేపు తడిగా ఉండాలి, తర్వాత జాడించి పైన చెప్పినట్టే ఆరబెట్టాలి.

బ్లీచింగ్ మాత్రం ఉన్ని, పట్టు దగ్గరికి రానివ్వకండి. అది ఉన్నిని కరిగించేస్తుంది. బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గానీ, బాత్రూము కడిగే ఆమ్లంతో గానీ కలిపితే విషవాయువు పుడుతుంది. మూత్రం ఉన్న చోట పోసినా హానికరమైన వాయువులే లేస్తాయి. మూసిన గదిలో ఒక్కరే ఉండి ఇలాంటి పని చేసినవాళ్లు ఆసుపత్రి పాలవుతారు. ఫినాయిల్ గురించి కూడా చెప్పాలి. నేల తుడిచే ఫినాయిల్ తివాచీలోకి దిగితే జాడించినా త్వరగా పోదు, సజ్దాలో దాని ఘాటు నేరుగా ముక్కుకే. లోబాన్ అంటే నాకూ ఇష్టమే. జుమాకు శుభ్రమైన మస్జిదులో వేయండి. వాసనను కప్పెట్టడానికి వేయకండి, ఎందుకంటే కప్పెట్టిన రోజుల్లో లోపల బూజు పెరుగుతూనే ఉంటుంది.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

మస్జిదుల్లో ఎక్కువగా కనిపించే మిషను తివాచీల కుచ్చు పాలీప్రొపిలీన్. ఆ ప్లాస్టిక్ పోగు నీళ్లు తాగదు, అందుకే అవి త్వరగా ఆరినట్టు కనబడతాయి. చాలావాటికి వెనక నేతలో జనపనార ఉంటుంది. జనుము కట్టలను నీళ్లలో నానేసి, కుళ్లనిచ్చి నార తీస్తారు. ఆ నార మళ్లీ తడిసి ఆరకుండా ఉంటే అదే కుళ్లు మళ్లీ మొదలవుతుంది. దాని కింద స్పాంజి పరిచి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. వరద నీళ్లంటే గోదావరి నీళ్లు ఒక్కటే కాదు, డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకులు, డీజిలు అన్నీ కలిసినవి. అలాంటి నీళ్లలో రోజుల తరబడి నానిన జనపనార తివాచీని, స్పాంజిని ఎంత ఉతికినా డబ్బు దండగ. తీసేయండి. దయచేసి వాటిని మూట కట్టి పేదవాళ్లకు పంపకండి. మనం పీల్చలేని గాలి వాళ్ల పిల్లలూ పీల్చలేరు.

చేనేతవి వేరు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నూలువి, వెనక అతికించిన పొర ఏదీ ఉండదు, రెండు వైపులా ఒకేలా ఆరతాయి. పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు తెచ్చిన విద్య అని చెప్పుకునే ఏలూరు ఉన్ని తివాచీలు ఎవరింట్లోనైనా ఉంటే, వరదలో నానినా ఆశ వదలకండి. బురద ఎండకముందే శుభ్రమైన నీళ్లు ధారగా పోసి ఒండ్రు వదిలించి, నీడలోనైనా సరే వెదురు మీద వేయండి. పూర్తిగా ఉతకడం ఎండ వచ్చాక పెట్టుకోవచ్చు. ఒండ్రు ఒకసారి నేతలో గట్టిపడితే మాత్రం చాలా కష్టం.

తివాచీ ఆరినంత మాత్రాన సరిపోదు, కింది నేల ఆరాలి. నీళ్లు నిలిచిన గచ్చు, గోడలు వారాల తరబడి చెమ్మ వదులుతూనే ఉంటాయి. ఒక గజం ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు కింద చెమట బొట్లు ఉంటే లేదా గచ్చు నల్లబడి ఉంటే ఇంకా పరచకూడదు. అప్పటిదాకా ప్లాస్టిక్ చాపల మీద నమాజు చేసుకోవడంలో ఇబ్బంది ఏముంది? వరద లేని చోట కూడా ఒక నీటి దారి ఉంది, అది మనమే. వుజూ చేసి తడి పాదాలతో నేరుగా తివాచీ ఎక్కుతాం. మస్జిదులో వాసన ముందు మొదలయ్యేది చాలాచోట్ల వుజూ గది తలుపు దగ్గరే, చూడండి. అక్కడ రెండు మూడు అడుగులు నీళ్లు పీల్చే ముతక గుడ్డ పట్టా వేసి రోజూ మారుస్తుంటే సగం బాధ తప్పుతుంది.

ఇక ఇచ్చేవాళ్లతో రెండు మాటలు. తివాచీ ఇస్తామని మీరు ముందుకు వచ్చినప్పుడు దుకాణంలో దాన్ని తిరగేసి వెనక ఏముందో అడగండి. గోడ నుంచి గోడకు ఒకే ముక్కగా, నేలకు జిగురుతో అంటించేది వద్దు, తడిస్తే లేపలేం. సఫ్‌కు ఒకటి చొప్పున విడివిడి పట్టాలు అయితే ఇద్దరు మనుషులు చుట్టి మోయగలరు, గోదావరి పెరుగుతోందన్న కబురు రాగానే మేడ మీదికి ఎక్కించగలరు. మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి వస్తుంది. ఆ రెండింటి మధ్య దొరికే సమయంలోనే పట్టాలు పైకి చేర్చాలి, స్పాంజి మాత్రం వేయకపోవడమే మేలు. కొత్త తివాచీకి అయ్యే డబ్బులో కొంత తీసి రెండు పెద్ద ఫ్యాన్లు, డజను వెదురు బొంగులు, ఒక వైపర్, ఒక వేలాడే కాటా కొనిపెట్టినా అది తివాచీ ఇచ్చినట్టే. ప్రతి పట్టా వెనక చెరగని సిరాతో నంబరు, పొడి బరువు రాయించండి. ఉతికించిన రోజున ఆ నంబరు ఎదురుగా కొత్త బరువు రాసుకోండి. నాలుగో రోజు కూడా కాటా ముల్లు ఇంకా దిగుతూ ఉంటే, జుమా దగ్గర పడినా సరే, ఆ పట్టాను పరచకండి.